పుకార్ల మధ్య నిరీక్షణ

కొత్త స్మార్ట్‌ఫోన్ వస్తోందంటే చాలు, అది రావడానికి ఎన్నో నెలల ముందే దాని గురించిన కబుర్లు వచ్చేస్తాయి. కెమెరాలు ఎన్ని, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, ధర ఎంత, ఏ తేదీన విడుదల... కంపెనీ నోరు విప్పకముందే ఎవరో ఒకరు చెబుతారు, పదిమంది నమ్ముతారు, వందమందికి పంపుతారు. చేతిలో ఉన్న ఫోన్ బాగానే పనిచేస్తున్నా అది అప్పుడే పాతబడిపోయినట్టు అనిపిస్తుంది. ఇది వ్యాపార విషయం కదా, భక్తి శీర్షికలో దీనికి చోటెందుకని పాఠకులు అడగవచ్చు. ప్రభువు రాకడ కోసం ఎదురుచూసే జనం మనం. లోకం దేనికోసం, ఎలా ఎదురుచూస్తోందో గమనిస్తే మన ఎదురుచూపు ఎలా ఉందో కూడా బయటపడుతుంది.

ఇందుకు 2007 నాటి మొదటి ఐఫోన్ కథ మంచి ఉదాహరణ. యాపిల్ సంస్థ ఫోన్ తయారుచేస్తోందని అంతకుముందు ఏళ్ల తరబడి వదంతులు నడిచాయి. 2007 జనవరి 9న శాన్ ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ దాన్ని లోకానికి చూపించారు. అమ్మకం మాత్రం జూన్ నెలాఖరుకు. ఈ మధ్యకాలంలో అమెరికాలో ఆ ఫోన్ గురించి సాగిన చర్చ అంతా ఇంతా కాదు. కొందరు బ్లాగు రచయితలు దానికి ‘జీసస్ ఫోన్’ అని పేరు పెట్టారు, పత్రికలూ ఆ పేరును వాడుకున్నాయి. వేళాకోళానికే అన్నారు. అయినా అందులో ఒక నిజం దాగి ఉంది. ఒక వస్తువు వచ్చి జీవితాన్ని మార్చేస్తుందన్న ఆశ ఎంత పెరిగిందో చెప్పడానికి వారికి రక్షకుని పేరు తప్ప మరో పేరు దొరకలేదు.

ఆ ఏడాది మే 16న ఒక విచిత్రం జరిగింది. ఐఫోన్ విడుదల జూన్ నుంచి అక్టోబరుకు వాయిదా పడిందంటూ యాపిల్ ఉద్యోగులకు ఒక ఈమెయిల్ చేరింది. చూడటానికి అది సంస్థ లోపలి నుంచి వచ్చినట్టే ఉంది. ఎన్‌గాడ్జెట్ అనే సాంకేతిక వార్తల వెబ్‌సైట్ దాన్ని ప్రచురించింది. కొద్ది నిమిషాల్లోనే యాపిల్ షేరు పడిపోయి, సంస్థ మార్కెట్ విలువలో దాదాపు 400 కోట్ల డాలర్లు కరిగిపోయాయి. ఆ లేఖ నకిలీదని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. సాయంత్రానికి షేరు చాలావరకు కోలుకుంది. అయితే ఆ కాస్త సమయంలో భయపడి అమ్ముకున్నవారి నష్టం మాత్రం నష్టంగానే మిగిలింది. సంస్థ రాయని లేఖ సంస్థ పేరు మీద తిరిగింది. పరీక్షించకుండా నమ్మినవారు మూల్యం చెల్లించారు.

ఈ సంగతి చదివినప్పుడు బైబిల్ ఎరిగిన వారికి థెస్సలొనీక సంఘం గుర్తుకు రాకమానదు. పౌలు అక్కడ సువార్త ప్రకటించి వెళ్లిన కొంతకాలానికే ఆ విశ్వాసుల మధ్య ఒక వదంతి లేచింది. ప్రభువు దినం ఇప్పటికే వచ్చేసిందట! ఆత్మ బయలుపరచిందని కొందరు, ఎవరో చెప్పారని కొందరు, పౌలు దగ్గరి నుంచే ఉత్తరం వచ్చిందని మరికొందరు నమ్మే పరిస్థితి. అందుకే ఆ సంఘానికి రాసిన రెండవ పత్రికలో అపొస్తలుడు, తమ పేరుతో వచ్చినట్టున్న లేఖను చూసి కూడా తొందరపడి కలవరపడవద్దని హెచ్చరించాడు (2 థెస్స. 2:1,2). అంటే నకిలీ లేఖల బెడద కంప్యూటర్లతో పుట్టింది కాదు. సుమారు 2 వేల ఏళ్ల కిందటే అపొస్తలుని పేరునూ అది వదల్లేదు.

దానికి పౌలు చెప్పిన మందు ఆలోచించదగ్గది. మొదటిది, గుర్తు చూసుకోవడం. పత్రిక చివర తన చేతితోనే వందనవచనం రాసి, ప్రతి పత్రికలోనూ తన గుర్తు ఇదేనని చెప్పాడు (3:17). రెండవది, పని చేసుకోవడం. ఆ సంఘంలో కొందరు పనీపాటా మానేసి పరుల విషయాల్లో జోక్యం చేసుకుంటూ తిరుగుతున్నారు. అలాంటివారు నెమ్మదిగా పని చేసుకుని తమ ఆహారం తాము సంపాదించుకోవాలని ఆజ్ఞాపించాడు (3:11,12). డేరాలు కుట్టి బతికిన పౌలుకు ఆ మాట చెప్పే అర్హత ఉంది. ప్రభువు వస్తాడన్న నమ్మకాన్ని ఆయన తగ్గించలేదు. ఆ నమ్మకం పేరుతో చేతులు ముడుచుకోవడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

మళ్లీ ఐఫోన్ దగ్గరికి వద్దాం. 2007 జూన్ 29 సాయంత్రం అమ్మకాలు మొదలయ్యాయి. కొందరు రోజుల ముందు నుంచే దుకాణాల ఎదుట వరుస కట్టారు. 8 జీబీ ఫోన్ ధర 599 డాలర్లు. సెప్టెంబరు 5న అదే ఫోన్ ధరను 399 డాలర్లకు తగ్గించారు. అంటే పదివారాలైనా కాలేదు. ముందుగా కొన్నవారు మండిపడితే, మరుసటి రోజే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, వారికి 100 డాలర్ల మేర తమ దుకాణాల్లో కొనుగోలుకు వీలు కల్పిస్తామని చెప్పాల్సి వచ్చింది. 2008లో కొత్త నమూనా రాగానే ఆ మొదటి ఫోన్ అమ్మకం ఆగిపోయింది. అంతగా ఎదురుచూసినది ఏడాది తిరిగేసరికి పాత సరుకైంది. ఎదురుచూపు మాత్రం ఆగలేదు, తరువాతి ఫోన్ మీదికి మళ్లింది.

ఫోన్‌ను తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖాన్ని కోనసీమలోని తల్లికి చూపిస్తున్నది ఫోనే. వాక్యాన్ని చదివి వినిపిస్తున్నదీ ఫోనే. పిల్లవాడి పోరు పడలేక తండ్రి చీటీ పాడి కొత్త మోడల్ కొన్నప్పుడు, ఆ ఇంట్లో కిస్తీలు తీరకముందే మరో మోడల్ పుకారు మొదలైనప్పుడు మాత్రం, ఆ వస్తువు పనిముట్టు స్థానం దాటిందని గుర్తించాలి.

లోకాన్ని చూసి నవ్వేముందు మన సంఘాల సంగతి కూడా చూసుకోవాలి. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21న విశ్వాసులు ఎత్తబడతారని ప్రకటించాడు. ఆ మాట నమ్మి, దాచుకున్న సొమ్మును ప్రచారానికి ఖర్చుపెట్టినవారు, ఉద్యోగాలు వదులుకున్నవారు ఉన్నారు. ఆ రోజు గడిచిపోయింది. అక్టోబరు 21 అన్నాడు, అదీ గడిచిపోయింది. 2012లో ఆయన తేదీ చెప్పడం పాపమేనని ఒప్పుకున్నాడు. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 24:36) మొదటే సరిపోయి ఉండాల్సింది.

మన దగ్గర మాత్రం? కోవిడ్ టీకా వచ్చినప్పుడు అందులో చిప్ ఉందని, అదే మృగము ముద్ర అని వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి. వాటిని ప్రార్థన గుంపుల్లోకి పంపినవారిలో భక్తిపరులూ ఉన్నారు, విని టీకాకు వెనుకాడిన విశ్వాసులూ ఉన్నారు. ఫోన్ గురించిన పుకారు తప్పయితే డబ్బు పోతుంది. రాకడ పేరుతో పుట్టిన పుకారు తప్పయితే ప్రాణం పోవచ్చు, విశ్వాసమూ పోవచ్చు. థెస్సలొనీక నుంచి పౌలు బెరయకు వెళ్లినప్పుడు అక్కడివారు అపొస్తలుని బోధను సైతం ప్రతిదినం లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొ.కా. 17:11). పౌలు మాటనే పరిశీలించినవారిని లేఖనం మెచ్చుకుంటే, ఎవరు రాశారో తెలియని సందేశాన్ని పరిశీలించకుండా పంపే మనల్ని ఏమనాలి?

ఎదురుచూడటం ఎలాగో నేర్పినవారూ బైబిల్‌లో ఉన్నారు. యెరూషలేములో సుమెయోను ఇశ్రాయేలు ఆదరణ కోసం కనిపెట్టాడు. వృద్ధురాలైన అన్న దేవాలయం విడువకుండా ఉపవాస ప్రార్థనలతో సేవ చేసింది (లూకా 2:25-38). వారు తేదీలు లెక్కకట్టినట్టు లేఖనం చెప్పదు. శిశువు వచ్చినప్పుడు మాత్రం గుర్తుపట్టారు. ప్రభువు చెప్పిన ఉపమానంలోనూ యజమానుడు వచ్చి ధన్యుడన్నది వీధిలో నిలబడి రాక గురించి కబుర్లు చెప్పే దాసుణ్ణి కాదు, ఇంటివారికి వేళకు అన్నం పెడుతున్న దాసుణ్ణి (మత్తయి 24:45,46).

ఈ వారం మన ఫోన్‌కు అలాంటి సందేశం ఒకటి రాక తప్పదు. పంపే ముందు ఒక్క నిమిషం ఆగుదాం. ఇది ఎవరు రాశారు, వాక్యం ఏమంటోంది, నా సహోదరునికి దీనివల్ల మేలా, కలవరమా అని అడుగుదాం. జవాబు దొరకకపోతే ఫోన్ పక్కన పెట్టి, వేళకు అన్నం అందనివారు మన వీధిలో ఎవరున్నారో చూద్దాం. ప్రభువు ఎప్పుడు వచ్చినా మనం ఆ పనిలోనే కనబడితే చాలు.