స్ఫటికమును కన్నులార చూడనిండు

రామతీర్థమునకు విహారయాత్రగా పోయినపుడు గురుభక్తులకొండపై బౌద్ధారామపు ఇటుకగోడలను మేమందరము తాకి చూచితిమి. చరిత్రకు పాఠ్యపుస్తకము చాలును, కొండ ఎక్కనేల అని నాడెవరును అనలేదు. రసాయనశాస్త్రమునకు మాత్రము పుస్తకమే చాలునని ఏల తలచుచున్నాము? అతిసంతృప్త ద్రావణమునకు నిర్వచనము వ్రాయుమన్నచో మాలో ప్రతివారును తప్పులేకుండ వ్రాయుదురు. చూచినవారెందరని అడిగినచో తరగతి నిశ్శబ్దమగును.

స్ఫటికము మనకు దూరపు వస్తువు కాదు. తెలుగువారి పటికబెల్లమే ఉర్దూ మిత్రులకు మిస్రీ. ఉర్దూ రసాయనశాస్త్రములో స్ఫటికమును ‘కలమ్’ అందురు. వ్రాసెడి కలమునకును అదే మాట! నౌపడా మడులలో ఎండకు నీరిగిరి ఉప్పు పలుకుగట్టుట శ్రీకాకుళపు మిత్రులు ఎరిగినదే.

అయితే తరగతిలో క్షణములో చూపుటకు ఉప్పు పనికిరాదు. 100 గ్రాముల నీటిలో మామూలు వేడిమి వద్ద సుమారు 36 గ్రాములు కరగెడి ఉప్పు, మరుగునీటిలోనైనను 39 గ్రాములకు మించి కరగదు. చల్లార్చినపుడు వెలువడునది స్వల్పము. సోడియం ఎసిటేటు సంగతి వేరు. నీటి అణువులతో కూడిన దాని స్ఫటికములు 58 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద తమలోని నీటిలోనే కరగును. 100 గ్రాములకు 10, 15 మిల్లీలీటర్ల నీరు చేర్చి, కుప్పెను మరుగునీటిలో నిలిపి, గోడలనంటిన పలుకులను సైతము వేడినీటి చుక్కలతో కడిగి, మూతపెట్టి కదపక చల్లార్చినచో గది వేడిమి వద్దను ద్రవముగానే నిలుచును. అందొక్క పలుకు వేయగానే తెల్లని సూదులు నలుదెసల పారి క్షణములలో కుప్పె అంతయు గడ్డకట్టును. గడ్డకట్టిన కుప్పె మంచువలె చల్లగా నుండునని తలచి పట్టుకొన్నవాడు ఉలికిపడును. అది వేడిగా నుండును. కరగునపుడు పుచ్చుకొన్న ఉష్ణమును లవణము తిరిగి ఇచ్చినది. గుప్తోష్ణమను మాటకు అర్థము మాకు ఆనాడు అరచేతికి తెలిసినది.

చక్కెర మిల్లులో చిక్కబడిన పాకమునకు చక్కెరపొడిని విత్తుగా వేయుటయు ఈ సూత్రముపైననే. పలుకు వేసి ద్రావణమును గడ్డకట్టించుటను 18వ శతాబ్ది చివర సెయింట్ పీటర్స్‌బర్గులో తోబియాస్ లోవిట్జ్ పరిశీలించెను.

ఈ ప్రయోగము తరచు భంగపడునని ఒప్పుకొనవలెను. మేము చేసినపుడు మొదటి కుప్పె మూత తీయకమునుపే గట్టిపడెను. రెండవది ఇంకను వేడిగా నుండుటచే వేసిన పలుకే కరగిపోయెను! మూడవది నెరవేరెను. మొదటి రెండింటిని లోపలి గదిలో దాచి మూడవదానినే తరగతికి తెచ్చుట గారడి యగునుగాని బోధన కాదని మా అభిప్రాయము. ఏల చెడినదని అడుగునపుడే అసలు పాఠము మొదలగును.

పాఠ్యప్రణాళిక ముగియదనువారు కలరు. ముందునాటి సాయంత్రమే ద్రావణము సిద్ధపరచినచో తరగతిలో పది నిమిషములు చాలును. ఖర్చు మాట కళాశాల సంఘమువారు అడుగుదురేమో. గడ్డకట్టిన లవణమును మరల వేడిచేసిన మరల ద్రావణమే యగును గనుక ఒకసారి కొన్నది ఏండ్లతరబడి పనికివచ్చును. వచ్చు సంవత్సరము క్రొత్త విద్యార్థులకు దీనిని తెలుగులోను ఉర్దూలోను వివరించి చూపుటకు అనుమతి వేడుచున్నాము. కుప్పెలు మేమే కడుగుదుము. చెడిన కుప్పెలును బల్లపైననే యుంచుదుము.