కళ్లు మూసుకోమనే ముందు

భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లకు యోగా నేర్పించాలన్న ఉత్సాహం మన సంస్థల్లో బాగా పెరిగింది. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగా దినంగా ప్రకటించాక ఇది సర్కారీ కార్యక్రమం కూడా అయింది. యోగాను వెక్కిరించడానికి నేనిది రాయడం లేదు. నా సహచరుడు చనిపోయిన దగ్గర్నుంచి ఆరేళ్లుగా రోజూ చేస్తున్నాను. నాకు మేలు జరిగింది. ఎందుకు జరిగిందో మనం సరిగ్గా చెప్పుకోకపోతే ఆ మేలునే మరొక స్త్రీ నోరు మూయించడానికి వాడుకుంటారు. నా గొడవంతా అక్కడే.

భర్త పోయిన స్త్రీ శరీరాన్ని పితృస్వామ్యం ఏం చేస్తుందో చూడండి. బొట్టు, గాజులు, మెట్టెలు తీయించి మూల కూర్చోబెడుతుంది. ఎదురొస్తే అపశకునం అంటుంది. పదకొండో రోజు ఆ తంతుకు నేను ఒప్పుకోలేదు. అయినా పెళ్లిళ్లలో ఎక్కడ నిలబడాలో, ఎవరికి ఎదురుపడకూడదో నా ఒళ్లే లెక్కలు వేసుకోసాగింది. భుజాలు ముడుచుకుపోయాయి. చేతులు బారచాచి నిండా ఊపిరి పీల్చుకున్నప్పుడు, ఈ స్థలం నాది కూడా అని మళ్లీ తెలిసొచ్చింది. ఇది ప్రాచీన గ్రంథాలు మనకిచ్చిన వరమేమీ కాదు. హఠయోగ ప్రదీపిక సాధకుణ్ణి మొదట్లో స్త్రీ సాంగత్యానికి దూరంగా ఉండమంటుంది. 1930లలో మైసూరులో కృష్ణమాచార్య మొదట కాదన్నా ఇంద్రాదేవి పట్టుబట్టి నేర్చుకుంది.

అయితే ఆ గంట నాకెలా దొరికింది? నెలనెలా జీతం, లోపల గడియ పెట్టుకోగల గది, పిల్లను చూసుకునే మా అమ్మ. ఇవి లేని మనిషికి ప్రాణాయామం చెప్పడం తేలిక.

అమెరికాలోని బోస్టన్‌లో హింస వల్ల మానసిక ఆఘాతానికి గురై, చికిత్సకు సరిగా లొంగని 64 మంది స్త్రీలతో పది వారాలు జరిపిన పరిశోధన 2014లో అచ్చయింది. యోగా చేసినవాళ్లలో దాదాపు సగం మంది ఆ రోగ నిర్ధారణ పరిధి దాటి బయటికొచ్చారు. రెండో బృందంలో అయిదోవంతు మందే. మన శిక్షకులు ఈ అంకెల దగ్గర ఆగిపోతారు. ఆ స్త్రీలందరికీ అప్పటికే చికిత్స అందుతోందనీ, యోగా దానికి తోడుగానే ఇచ్చారనీ చెప్పరు.

ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యల కోసం పెట్టిన ఒక శిబిరానికి నేనూ వెళ్లాను. శిక్షకుడు పూర్వజన్మ కర్మ గురించి చెప్పి శవాసనం వెయ్యమన్నాడు. రెండు నెలల కిందట ఇంట్లో శవాన్ని చూసిన మనిషికి ఆ మాట చెప్పేముందు ఒక్క క్షణం ఆగాలని అక్కడ ఎవరికీ తోచలేదు. కళ్లు మూస్తే అప్పులోళ్లే కనబడుతున్నరని ఒకామె అంటే మిగతావాళ్లు నవ్వారు. ఆ రోజు జరిగిన అసలు చర్చ అదొక్కటే.

2004లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన జీవో 421 అలాంటి కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50,000 ఇస్తామంది. తెలంగాణ 2015లో దాన్ని మొత్తం 6 లక్షలకు పెంచింది. అవి రావాలంటే ముందు అది రైతు ఆత్మహత్యేనని తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారించి తేల్చాలి. పట్టా ఏది, అప్పు కాగితాలేవి అంటారు. నోటిమాట మీద కౌలుకు తీసుకున్నవాడి భార్య ఏ కాగితం చూపిస్తుంది? 2018లో వచ్చిన రైతు బీమా కూడా పట్టాదారుల కోసమే రూపొందింది. ఈమె అశాంతికి కారణం మనసులో ఉందని చెప్పడం ఆ ముగ్గురు అధికారులకూ ఎంత సుఖమో ఆలోచించండి. కోపంతో దడదడలాడే గుండె ఆమెను మండలాఫీసు మెట్లెక్కిస్తుంది. దాన్ని నెమ్మది చేసి ఇంటికి పంపడం ఎవరికి అవసరం?

కాబట్టి శిబిరాలు పెట్టే మిత్రులకు నాదొక ప్రతిపాదన. పొద్దున్నే యోగా పెట్టండి, నేనూ వస్తాను. పది గంటలకు అదే హాల్లో తహసీల్దారునూ బ్యాంకు మేనేజరునూ కూర్చోబెట్టండి. పిల్లల్ని చూసుకునే మనిషికీ, వచ్చినవాళ్లు పోగొట్టుకున్న ఆనాటి కూలికీ బడ్జెట్‌లో డబ్బు రాయండి. కర్మ గురించి చెప్పే శిక్షకుణ్ణి మాత్రం పిలవకండి.