వకీలుకు గుర్తింపు ఎవలియ్యాలె? కెనడా లొల్లి మనకేం చెప్తున్నది

2023 జూన్ 30. కెనడాల ఒంటారియో సర్కారు ఒక లిస్టు ఇడిశింది. 91 మంది వకీళ్లకు ‘కింగ్స్ కౌన్సెల్’ బిరుదు ఇస్తున్నమని చెప్పింది. అంటే ఇగ వాళ్లు పేరు ఎనుక ‘కేసీ’ అని రాసుకోవచ్చు. లిస్టు చూసినోళ్లు చానామంది ముక్కు మీద ఏలేసుకున్నరు. అండ్ల కోర్టుల పేరు మోసిన వకీళ్లు ఉన్నరు, కాదనం. గానీ వాళ్ల పక్కపొంటి మంత్రులున్నరు, అధికార పార్టీ ఎమ్మెల్యేలున్నరు. వాళ్లు చదివింది లా అయితే అయి ఉండొచ్చు, చేస్తున్నది మాత్రం రాజకీయం.

గీ బిరుదు కొత్తదేం కాదు. బ్రిటిష్ రాజుల కాలం నుంచి ఒస్తున్నది. రాణి ఉన్నన్ని దినాలు ‘క్వీన్స్ కౌన్సెల్’ అన్నరు. 2022 సెప్టెంబర్ 8న రెండో ఎలిజబెత్ పోయినంక ‘కింగ్స్ కౌన్సెల్’ అయింది. ఒంటారియోల అయితే 1985లనే దీన్ని బంద్ పెట్టిన్రు. పార్టీ మనుషులకు పంచే పులిహోర లెక్క అయిందన్న విమర్శలు అప్పుడే ఉండె. అట్ల దాదాపు నలభై ఏండ్లు పడావు పడ్డ ఆనవాయితీని డగ్ ఫోర్డ్ సర్కారు మళ్ల బయటికి తీసింది. తీసిన మొదటిసారే పాత విమర్శ మళ్ల ముంగటికొచ్చింది.

ఏడనో ఉన్న కెనడాల వకీళ్ల బిరుదుల లొల్లి మనకెందుకు అనిపిస్తది. కారణమున్నది. ఇయ్యాల మన ఊర్ల నుంచి మస్తుమంది పిల్లలు అటు పోతున్నరు. ఆడ జీతం ఎగ్గొట్టిన ఓనరు మీద కొట్లాడాలన్నా, రూము ఖాళీ చెయ్యమని బెదిరించే ఇంటాయన ముంగట నిలవడాలన్నా, యాక్సిడెంటయితే పరిహారం అడగాలన్నా వకీలే దిక్కు. ఆఖరికి ఈడ ఊర్లె కూసున్న పిలగానికి వీసా రాకపోయినా, ఆ నిర్ణయం మీద ఆడి ఫెడరల్ కోర్టుకు పోవచ్చు. గడువు 60 దినాలు. కెనడాల ఉండంగ వచ్చిన నిర్ణయమైతే 15 దినాలే. అది కూడ నేరుగ విచారణకు రాదు. మొదలు ‘ఈ కేసు వినదగ్గదే’ అని కోర్టు అనుమతి ఇయ్యాలె. గిది తెల్వక ఏజెంటు చుట్టు తిరుక్కుంట గడువు పోగొట్టుకునేటోళ్లు ఉంటరు. అందుకే ఆడ మంచి వకీలు అంటే ఎవలు, ఆ మాట ఎవలు చెప్పాలె అన్నది మన సంగతి కూడ.

కోర్టు మెట్లెక్కకముందే సగం కొట్లాట

వకీలు అనంగనే మనకు సినిమా యాదికొస్తది. నల్లకోటు, టేబుల్ మీద గుద్దుడు, ఆఖరి నిమిషంల దొరికే సాక్ష్యం. కెనడాల దావాలు నడిపే వకీలు బతుకు గట్లుండది. సివిల్ కేసులల చానామటుకు పూర్తి విచారణ దాకా పోనే పోవు, నడ్మల్నే రాజీ అయితయి. వకీలు పనంతా ఆ నడ్మలనే ఉంటది. దావా కాయిదం రాసుడు, రెండు దిక్కులోళ్లు తమ దగ్గరున్న పత్రాలు ఒకలకొకలు చూపించుకునుడు, విచారణకు ముందే ఎదుటోన్ని ప్రమాణం మీద కూసుండబెట్టి ప్రశ్నలు అడుగుడు. దీన్ని ఆడ ‘డిస్కవరీ’ అంటరు. టొరంటో, ఒట్టావా, విండ్సర్ల అయితే చానా సివిల్ కేసులల మధ్యవర్తి ముంగట కూసుండుడు తప్పనిసరి.

పైసల లెక్క కూడ వేరే. ఆడ ఓడినోడు సాధారణంగ గెలిచినోని వకీలు ఖర్సుల కొంత కట్టాలె. అంటే కేసు ఏసేటప్పుడే ‘ఓడితే ఎంత మీద పడ్తది’ అని లెక్క చూసుకోవాలె. గది ముందుగాల్నే చెప్పే వకీలు కక్షిదారుకు మేలు చేసినట్టే. ఇంకో తేడా ఉన్నది. మన దేశంల ‘గెలిస్తే ఇంత శాతం’ అని వకీలు ఫీజు మాట్లాడుకునుడు నిషేధం. ఆడ యాక్సిడెంట్ల లాంటి కేసులల గట్ల మాట్లాడుకోవచ్చు. చేతుల పైసలు లేనోనికి ఇది ఆసరా అయితది. కానీ ఒప్పందం సక్కగ చదువకపోతే వచ్చిన పరిహారంల పెద్ద వాటా పోతది.

ఈ పనిల మస్తు భాగం ఎవలకూ కనవడది. అయిదేండ్లు కోర్టు చుట్టు తిరిగే కేసును అయిదు నెలలల రాజీ చేసిన వకీలు పేరు పేపర్ల రాదు. ‘ఈ కేసు ఎయ్యకు, నీ పైసలు దండుగ’ అని చెప్పి పంపినోనికి అవార్డు ఎవలిస్తరు?

బిరుదులు, ర్యాంకులు, పిలుపులు

మరి గుర్తింపు ఎట్ల ఒస్తది? కెనడాల దానికి మూడు దారులు కనవడ్తయి. మొదటిది సర్కారు ఇచ్చే కేసీ. అన్నీ రాష్ట్రాలు ఒంటారియో లెక్క లేవు. బ్రిటిష్ కొలంబియాల చట్టమే ఒక హద్దు గీసింది. మొత్తం వకీళ్లల 7 శాతానికి మించి ఈ బిరుదు ఉండొద్దు, కనీసం అయిదేండ్లు బార్ల సభ్యులై ఉండాలె.

రెండోది తోటి వకీళ్లు ఇచ్చేది. ‘అమెరికన్ కాలేజ్ ఆఫ్ ట్రయల్ లాయర్స్’ అని ఒకటుంది. పేరుల అమెరికా ఉన్నా కెనడా వకీళ్లను కూడ తీసుకుంటది. దీనికి దరఖాస్తు ఉండది, వాళ్లే పిలవాలె. కనీసం 15 ఏండ్లు కేసులు వాదించి ఉండాలె, ఒక రాష్ట్రంల వకీళ్లల 1 శాతానికి మించి తీసుకోరు. మూడోది ‘లెక్స్‌పర్ట్’, ‘చాంబర్స్’, ‘బెస్ట్ లాయర్స్’ లాంటి ప్రచురణలు ఇచ్చే ర్యాంకులు. అవి తోటి వకీళ్లను, కక్షిదారులను అడిగి లిస్టులు తయారు చేస్తయి.

ఇవన్నీ దొంగవని అంటలేం. పెద్ద కంపెనీకి వకీలు కావాలంటే ఈ లిస్టులు అక్కరకొస్తయి. కానీ ఒక సంగతి సోంచాయించాలె. తోటి వకీళ్లను అడిగితే వాళ్లకు ఎవలు యాదికొస్తరు? పెద్ద ఆఫీసులల ఉండి, పెద్ద కేసులల ఎదురెదురుగ నిలవడ్డోళ్లే. కిరాయిదారుల పంచాది, శరణార్థి కేసు, జీతం ఎగ్గొట్టిన కేసు దినాం చూసే వకీలును ఆ పెద్ద మనుషులు చూసే మోకానే తక్కువ. పేదోని వకీలు గా లిస్టులకు ఎక్కకపోవడానికి తెలివి తక్కువై కాదు.

మన దగ్గర ‘సీనియర్ అడ్వకేట్’ హోదా కూడ బ్రిటిష్ చెట్టుకు కాసిన కాయనే. కానీ ఒక పెద్ద తేడా ఉన్నది. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం దాన్ని ఇచ్చేది కోర్టు, సర్కారు కాదు. అట్లని లొల్లి లేదా అంటే ఉన్నది. 2017ల ఇందిరా జైసింగ్ కేసుల సుప్రీంకోర్టు మార్కుల పద్ధతి పెట్టింది, 2025ల ఆ మార్కులను సుప్రీంకోర్టే ఎత్తేసింది. కొలిచే బద్ద ఎసొంటిది ఉండాలన్నది ఆడా తేలలే, ఈడా తేలలే.

గుర్తింపు కార్డు చూపియ్యుమన్న రోజు

బిరుదుల సంగతి పక్కకు పెడ్దాం. అసలు వకీలును వకీలుగ చూసుడే కష్టమైన రోజు ఒకటున్నది. 2008ల టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ కోర్టుల ఇద్దరు నల్లజాతి వకీళ్లు, వాళ్ల ఎమ్మటి ఒక లా విద్యార్థి వకీళ్లు కూసుండే గదికి పోయిన్రు. అక్కడి లైబ్రరీ ఉద్యోగి వాళ్లను ఆపి గుర్తింపు కార్డులు అడిగింది. గదిల ఉన్న మిగతా వకీళ్లను అడగలే. ఆ ఇద్దరు వకీళ్లు ఊకోలే. మానవ హక్కుల ట్రిబ్యునల్‌కు పోయిన్రు, అది వివక్ష అని 2010ల గెలిచిన్రు. పైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆఖరికి 2013ల ఒంటారియో అప్పీల్ కోర్టు ట్రిబ్యునల్ తీర్పే సరైందని నిలబెట్టింది. అయిదేండ్ల కొట్లాట. చట్టం చదివి, పరీక్షలు రాసి, లైసెన్స్ ఉన్న మనిషి ‘నేను వకీలునే’ అని రుజువు చేసుకునేటందుకు అన్ని ఏండ్లు పట్టింది.

ఇది ఒక్క కోర్టు గది ముచ్చట కాదు. ఒంటారియోల వకీళ్లకు లైసెన్స్ ఇచ్చేది, తప్పు చేస్తే శిక్షించేది ‘లా సొసైటీ ఆఫ్ ఒంటారియో’. 1797 నుంచి ఉన్న సంస్థ. దాన్ని నడిపేటోళ్లల చానామందిని వకీళ్లే ఓట్లేసి ఎన్నుకుంటరు. ‘సమానత్వాన్ని పెంచుడు నా జిమ్మెదారి’ అని ప్రతి వకీలు రాసి పెట్టుకోవాలని ఈ సంస్థ 2016ల ఒక నిబంధన తెచ్చింది. ‘మా చేత బలవంతంగ మాట చెప్పిస్తున్నరు’ అని కొందరు ఎదురు తిరిగిన్రు. 2019 ఎన్నికలల ఆ నిబంధన వద్దన్న జట్టు 22 సీట్లు గెలిచింది, అదే ఏడు నిబంధన రద్దయింది. వాళ్ల వాదనల కూడ ఒక పాయింటు ఉన్నది. మనసుల ఏమున్నదో సంతకం పెట్టి చెప్పమనుడు చట్టం పనేనా అని అడిగిన్రు. కానీ దాని జాగల గంత గట్టిది ఇంకోటి పెట్టకుండ తీసేస్తే, బ్రాంప్టన్ల ఆపినోళ్లకు ఏం జవాబు చెప్పినట్టు?

చరిత్ర ఇంకా చేదుగుంటది. బ్రిటిష్ కొలంబియాల ఓటు లేనోడు వకీలు కావొద్దన్న కట్టుబాటు ఉండె. చైనా, ఇండియా మూలాలున్నోళ్లకు ఆడ 1947 దాకా ఓటే లేదు. అంటే వకీలు కోటు కూడ లేదు. 1914ల కొమగాట మారు ఓడ 376 మందిని తీసుకొని వాంకోవర్ రేవుకు పోయినప్పుడు, వాళ్ల తరఫున వాదించనీకి ఆడ మనోళ్లల ఒక్క వకీలు లేడు. జె. ఎడ్వర్డ్ బర్డ్ అనే తెల్ల వకీలు నిలవడ్డడు. మున్షీ సింగ్ కేసు వాదించిండు, ఓడిపోయిండు. ఓడను వాపస్ పంపిన్రు. 2016ల కెనడా ప్రధాని పార్లమెంటుల ఆ తప్పుకు క్షమాపణ చెప్పిండు. నూరేండ్లు దాటినంక కూడ బర్డ్ పేరు యాదికున్నది ఆ ఓడిన కేసుతోనే.

మన ఎల్ఎల్‌బీ ఆడ చెల్లుతదా?

ఉస్మానియాలనో కాకతీయలనో ఎల్ఎల్‌బీ చేసి, ఈడ నాలుగేండ్లు ప్రాక్టీసు చేసినోడు కెనడా పోతే నేరుగ కోర్టుల నిలవడలేడు. మొదలు ‘నేషనల్ కమిటీ ఆన్ అక్రెడిటేషన్’కు డిగ్రీ చూపియ్యాలె. కెనడా రాజ్యాంగం, క్రిమినల్ చట్టం, పాలనా చట్టం, కెనడా చట్టాల పునాదులు, వృత్తి నీతి అనే అయిదు సబ్జెక్టులు తక్కువల తక్కువ రాయాలె. మనిషిని బట్టి ఇంకా కొన్ని కలుస్తయి. అదయినంక ఒంటారియోల అయితే బారిస్టర్, సాలిసిటర్ పరీక్షలు రెండున్నయి. ఆ మీద ఒక లైసెన్స్ ఉన్న వకీలు దగ్గర ‘ఆర్టిక్లింగ్’, లేకపోతే దానికి బదులు ఉన్న శిక్షణ కోర్సు.

పరీక్షలు పెట్టుడు తప్పు కాదు. వేరే దేశం చట్టం తెల్వనోడు ఒకని బతుకు మీద వాదించుడు ప్రమాదమే. అసలు తక్లీఫ్ పరీక్ష పాసయినంక మొదలయితది. ఆర్టిక్లింగ్ జాగ ఇచ్చేది పరీక్ష కాదు, మనుషులు. తెలిసినోళ్లు లేనోనికి, ఆడి కాలేజీల చదువనోనికి, యాస వేరే ఉన్నోనికి ఆ తలుపు లేటుగ తెరుసుకుంటది. ‘కెనడా అనుభవం’ అడగొద్దని 2021ల ఒంటారియో చానా వృత్తులకు చట్టం తెచ్చింది, మంచిదే. కాయిదం మీది షరతు తీసేసుడు అల్కగయితది. నౌకరి ఇచ్చేటోని మనసుల ఉన్న షరతు గంత జల్ది పోదు.

దారి మూసుకపోలేదనేటందుకు కూడ నిదర్శనం ఉన్నది. 2021ల మహమూద్ జమాల్ కెనడా సుప్రీంకోర్టు జడ్జి అయిండు. నైరోబీల ఇండియా మూలాలున్న ఇంట్ల పుట్టిండు. జడ్జి కాకముందు కోర్టుల కేసులు వాదించిన వకీలే. తెల్లజాతి కాని మొదటి సుప్రీం జడ్జి ఆయనే. అయితే ఆ కోర్టు పెట్టింది 1875ల. ఆ ఒక్క కుర్సీకి 146 ఏండ్లు పట్టిందన్న సంగతి కూడ మరువొద్దు.

పైసలు ఏడ పెట్టిన్రు, పతకాలు ఏడ పంచిన్రు

ఇప్పుడు మళ్ల ఒంటారియో లిస్టు కాడికొద్దాం. 91 మందికి బిరుదు ఇచ్చిన అదే ఫోర్డ్ సర్కారు, 2019 బడ్జెట్ల పేదోళ్లకు ఉచితంగ వకీలును ఇచ్చే ‘లీగల్ ఎయిడ్ ఒంటారియో’ పైసలకు 30 శాతం కోత పెట్టింది. 133 మిలియన్ డాలర్లు. శరణార్థుల, వలసల కేసులకు రాష్ట్రం పైస ఇయ్యనన్నది. ఎనుకనే కేంద్రం కొంత సర్దింది.

ఈ రెండు పనులను పక్కపక్కన పెట్టి చూడుండ్రి. వకీలు వృత్తి మీద గౌరవం ఉంటే అది మొదలు ఏడ కనవడాలె? లీగల్ ఎయిడ్ కేసు పట్టుకొని, తక్కువ ఫీజుకు రాత్రి దాకా కూసునే వకీలు జీతంల కనవడాలె. 2016ల జోర్డన్ కేసుల కెనడా సుప్రీంకోర్టు క్రిమినల్ విచారణలకు గడువు పెట్టింది. కింది కోర్టుల 18 నెలలు, పై కోర్టుల 30 నెలలు. దాటితే కేసే కొట్టేయొచ్చు. ఆ గడువు నిలవడాలంటే జడ్జీలు కావాలె, వకీళ్లు కావాలె, వాళ్లకు పైసలు కావాలె. పేరు ఎనుక రెండక్షరాలు తగిలిస్తే వాయిదాలు తగ్గయి.

కెనడా పోయే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు దీంట్ల పనికొచ్చే ముచ్చట ఉన్నది. వకీలు కావాలంటే గోడ మీది పతకాలు చూసి మోసపోకుండ్రి. లా సొసైటీ వెబ్‌సైటుల పేరు కొట్టి చూడుండ్రి. లైసెన్స్ ఉన్నదా, ఎప్పుడన్న శిక్ష పడ్డదా అన్నది అండ్ల దొరుకుతది. చిన్న పైసల కేసయితే ఒంటారియో స్మాల్ క్లెయిమ్స్ కోర్టుల 2025 అక్టోబర్ 1 నుంచి 50,000 డాలర్ల దాకా అడగొచ్చు. అండ్ల లైసెన్స్ ఉన్న పారాలీగల్ కూడ మీ తరఫున నిలవడొచ్చు, ఖర్సు తక్కువయితది. ఫీజు ఒప్పందం రాతల తీసుకోండ్రి. ఓడితే ఎంత మీద పడ్తదో ముందుగాల్నే అడుగుండ్రి. ఆ ప్రశ్నకు సక్కగ జవాబు చెప్పినోడు, పేరు ఎనుక ఏ అక్షరం లేకపోయినా, మీకు పనికొచ్చే వకీలు.

లా చదువుతున్న పిల్లలకు ఒక మాట. ఈడ అయినా ఆడ అయినా, గుర్తింపు ఇచ్చే కుర్సీలల ఎవలు కూసున్నరో చూడుండ్రి. ఒంటారియోల 22 సీట్లతోటి ఒక నిబంధనే మారిపోయింది. బార్ కౌన్సిల్ ఎన్నికలు మన దగ్గర కూడ జరుగుతయి. ఎన్‌రోల్ అయినంక ఆ ఓటును పక్కకు పెట్టకుండ్రి. కొలిచే బద్ద ఎవల చేతుల ఉండాలన్నది ఆ ఓట్లతోనే తేలుతది.