జూన్ 19వ తేది పండుగ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2021వ సంవత్సరము జూన్ 17వ తేదిని అధ్యక్షుడు బైడెను ఒక శాసనముపై సంతకము చేసెను. దానివలన జూన్ 19వ తేది, బానిసత్వ మంతరించినందులకు గురుతుగా జాతీయ సెలవుదిన మయ్యెను. జనులు దానిని ‘జూన్‌టీంత్’ అందురు. ప్రతినిధి సభలో 415 గురు ఔననగా 14 గురు కాదనిరి. సెలవు వచ్చెనే గాని తగవు తీరలేదు.

బానిసల విమోచన ప్రకటనను లింకను 1863 జనవరి 1వ తేదిననే చేసెను. అయినను తిరుగబడిన దక్షిణ రాష్ట్రములలో ప్రభుత్వ సేనలు చేరిన చోటనే గాని యది చెల్లలేదు. టెక్సాసు మిక్కిలి దూరము. 1865 జూన్ 19వ తేదిని గ్రాంజరను సేనాని గాల్వెస్టను రేవుపట్టణమున ఉత్తరువు ప్రకటించు వరకును, అచటి సుమారు రెండున్నర లక్షల బానిసలు బానిసలుగనే యుండిరి. రెండున్నర యేండ్లు!

ఆలస్యముగా నందిన వార్తకు పండుగ యేల, రాజ్యాంగపు 13వ సవరణ ఖాయపడిన 1865 డిసెంబరు 6వ తేది తగదా యని కొందరందురు. ఈ మాటలో బలము లేకపోలేదు. కెంటకీ, డెలవేరు రాష్ట్రములలో ఆ డిసెంబరు వరకును బానిసలుండిరి. మరికొందరికి పేరు గిట్టదు. శాసనమున ‘జాతీయ స్వాతంత్ర్య దినము’ అని యున్నది. జులై 4వ తేది యుండగా రెండవ స్వాతంత్ర్యదిన మేల, దేశము రెండు చీలికలు కాదా యని వారి భయము. 1776లో స్వాతంత్ర్యము చాటినవారిలో పలువురు బానిసల యజమానులే గదా! ఆ చీలిక నేటిది కాదు.

తక్కిన తేదులు ఇచ్చినవారివి. ఈ తేది పుచ్చుకొన్నవారిది. ఏ ప్రభుత్వమును చెప్పకయే వారు దీనిని నిలుపుకొనిరి. 1872లో హ్యూస్టను నగరపు విముక్తులు చందాలు వేసికొని, ఈ పండుగకై పది ఎకరముల నేల కొనిరి. ఓపలు లీ యను నామె 2016లో, 89వ యేట, ఈ సెలవును కోరుచు ఫోర్టువర్తునుండి వాషింగ్టను దెసకు నడక సాగించెను; దినమునకు రెండున్నర మైళ్లు, ఆ రెండున్నర యేండ్లకు గురుతుగా. ఆమె పండ్రెండేండ్ల పిల్లగా నున్నప్పుడు, 1939లో సరిగా జూన్ 19వ తేదిననే, తెల్లవారి మూక యొకటి ఆమె తలిదండ్రుల యింటిని ధ్వంసము చేసినది.

గ్రాంజరు ఉత్తరువును చదివిన స్త్రీకి ఒక మాట ముల్లువలె తగులును. విముక్తులు ఇప్పుడున్న యిండ్లలోనే నెమ్మదిగా నుండి కూలికి పనిచేయవలెనని అందు హితవు చెప్పబడినది. అనగా 18వ తేది రాత్రి ఏ వంటయింట అంట్లు తోమెనో, 20వ తేది ఉదయమున నా తల్లి యచటనే పొయ్యి రాజవేయవలెను. మరి మారిన దేమి? అచటి చట్టము ప్రకారము బానిస తల్లి కడుపున బుట్టిన బిడ్డ బానిసయే; ఆ బిడ్డను తల్లి యొడినుండి లాగి యమ్మవచ్చును. అది తీరెను. ద్యూతానంతరము ధృతరాష్ట్రుడు వరమిత్తు ననగా ద్రౌపది మొదట రాజ్య మడిగినదా? లేదు. ప్రతివింధ్యుని ఎవరును దాసపుత్రుడని పిలువకుండునట్లు ధర్మరాజు దాస్యము తొలగవలెనని యడిగినది. ఈ సంగతి తెలిసిన మనకు గాల్వెస్టను తల్లుల యానందము బోధపడక పోదు.

ఇక నిప్పటి సంగతి. 2022లో ఒక పెద్ద వర్తక సంస్థ ఈ పండుగ పేర ఐస్‌క్రీము అమ్మజూపి, జనులు రోయగా క్షమాపణ చెప్పి వెనుకకు దీసికొనినది. అంతకంటె నన్ను కలచునది వేరొకటి. ఈ సెలవు జీతముతో దక్కునది కేంద్ర ప్రభుత్వోద్యోగులకు. ప్రైవేటు యజమానులను ఆ శాసనము నిర్బంధింపదు. హోటలులో వండునామెకు, పరుల యింట ముసలివారికి ఉపచారము చేయునామెకు, యజమానురాలు దయతలచిననే సెలవు. డల్లసు, హ్యూస్టనులలో మన తెలుగు కుటుంబము లనేకములు గలవు. అచటి చెల్లెండ్రెవరైన దీనిని చదివినచో, ఆ దినమున తమ యింట పనిచేయు స్త్రీకి జీతముతో సెలవిచ్చుచున్నారో లేదో నాకు వ్రాయగోరెదను.