ముందు లెక్క తేలాలి, తరువాతే కొనుగోలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందించే సాధారణ మద్దతు ముగిసింది. ప్రభుత్వ రంగ సంస్థల కార్యాలయాల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న కంప్యూటర్ల భవితవ్యాన్ని ఈ ఒక్క తేదీ ప్రశ్నార్థకం చేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ తప్పనిసరి కావడంతో పాత యంత్రాల్లో అనేకం దానికి పనికిరావు. సంస్థలు సొమ్ము చెల్లించి భద్రతా మద్దతును గరిష్ఠంగా మూడేళ్లు పొడిగించుకోవచ్చు గానీ, యంత్రానికి తొలి ఏడాది 61 డాలర్లుగా ఉన్న రుసుము ఏటా రెట్టింపవుతుంది. పోనీ యంత్రాలన్నీ మార్చినా చిక్కు పూర్తిగా తీరదు. పాత వ్యవస్థ కోసం రాసిన ప్రోగ్రాములు కొత్తదానిపై మొరాయిస్తాయి. దీనికి విరుగుడుగా 'అప్లికేషన్ వర్చువలైజేషన్' పేరు ఇప్పుడు గట్టిగా వినిపిస్తున్నది. అది ఉపయోగకరమైన సాధనమే. అయితే ప్రణాళిక లేకుండా దానిని కొన్న సంస్థకు మిగిలేది మరొక బిల్లు మాత్రమే.

ఒక నగరమంత సంస్థ

సమస్య స్వరూపం అవగతం కావాలంటే భిలాయి వంటి ఉక్కు నగరాన్ని పరిశీలించాలి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా రూపొందిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అనేకం అక్కడే స్థిరపడ్డాయి. కర్మాగారంతోపాటు దల్లీ రాజహరా గనులు, సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పాఠశాలలు, రుఆబాంధా వంటి నివాస సెక్టార్లు అన్నీ ఒకే యాజమాన్యం పరిధిలోకి వస్తాయి. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఉక్కునగరం ఉన్నట్లే దీనికీ ఒక నగరం ఉంది.

ఇటువంటి సంస్థలో కంప్యూటర్లు అన్నీ ఒక్క తీరుగా ఉండవు. క్వార్టర్ల కేటాయింపు, నీటి, విద్యుత్ బిల్లులు చూసే బల్ల మీద ఉన్నది ఒక రకం. ఆసుపత్రిలో రోగి పరీక్షల ఫలితాలు చూపేది మరొక రకం. రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో యంత్రాలను నియంత్రించేది పూర్తిగా వేరొక రకం. వీటన్నింటికీ ఒకే టెండరు, ఒకే పరిష్కారం అనుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది.

ఉమ్మడి వంటిల్లు, క్యారియర్

సాధారణంగా ఒక ప్రోగ్రామును కంప్యూటర్‌లో నెలకొల్పినప్పుడు అది తన ఫైళ్లను, అమరికలను ఆపరేటింగ్ సిస్టమ్ అంతటా పరుస్తుంది. ఉమ్మడి వంటింట్లో నాలుగు కుటుంబాలు ఒకే అలమరలో పోపుల డబ్బాలు పెట్టుకున్నట్లన్నమాట. ఒకరు డబ్బా మారిస్తే మరొకరి కూర చెడుతుంది. జావా పాత వెర్షన్ కోరే ప్రోగ్రాము, కొత్త వెర్షన్ కోరే ప్రోగ్రాము ఒకే యంత్రంలో తగవులాడుకునేది ఇందుకే. వర్చువలైజేషన్‌లో ప్రతి ప్రోగ్రాము తన క్యారియర్ తానే తెచ్చుకుంటుంది. తనకు కావలసిన ఫైళ్లు, అమరికలు ఒక ప్యాకేజీలో ఉంచుకుని, వ్యవస్థను ముట్టుకోకుండా పనిచేస్తుంది. శుభ్రమైన ఒక యంత్రంపై ప్యాకేజీని ఒకసారి తయారుచేస్తే, నెట్‌వర్క్ ద్వారా వందలాది యంత్రాలకు అందించవచ్చు. తొలగించడమూ అంతే సులభం.

ఇందులో రెండు మార్గాలున్నాయి. మొదటి దానిలో ప్యాకేజీ ఉద్యోగి కంప్యూటర్‌కు చేరి అక్కడే నడుస్తుంది. ఒకసారి పూర్తిగా చేరిన తరువాత నెట్‌వర్క్ తెగినా పని సాగుతుంది. రెండవ దానిలో ప్రోగ్రాము కేంద్ర సర్వర్‌పై నడుస్తుంది. ఉద్యోగి ముందుకు వచ్చేది తెర మీది చిత్రం మాత్రమే. బల్ల మీది యంత్రం పాతదైనా ఫరవాలేదు గానీ, నెట్‌వర్క్ తెగిన క్షణంలోనే పని ఆగుతుంది. కేంద్ర కార్యాలయానికి రెండవ మార్గం నప్పవచ్చు. రుఆబాంధా వంటి సెక్టార్‌లోని పాఠశాలకో, దూరాన ఉన్న గని కార్యాలయానికో అక్కడి నెట్‌వర్క్ బలాన్ని కొలవకుండా దానిని అంటగట్టడం వివేకం కాదు.

కుదరనివి ఎన్నో

ఈ సాధనానికి హద్దులున్నాయి. హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లు ఇటువంటి ప్యాకేజీలో ఇమడవు. కాబట్టి టెండర్లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్రల హాజరు యంత్రాలు, వేబ్రిడ్జి తూకపు పరికరాల సంగతి విడిగా చూడవలసిందే. ఎన్నడో రాసిన 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌పై ప్యాకేజీ చేసినా నడవవు. వాటికి పూర్తి వర్చువల్ యంత్రం కావాలి, లేదా స్వస్తి పలకాలి. ఇక కర్మాగారంలో కొలుములను, మిల్లులను నియంత్రించే కంప్యూటర్ల జోలికి ఈ పథకం పోనేకూడదు. తయారీదారు పరీక్షించి ధ్రువీకరించిన స్థితి నుంచి వాటిని కదిలించడమంటే ఉత్పత్తితోను, కార్మికుల ప్రాణాలతోను చెలగాటమాడడమే.

అన్నింటికన్నా పెద్ద భ్రమ భద్రతకు సంబంధించినది. పాత ప్రోగ్రామును ప్యాకేజీలో పెట్టినంత మాత్రాన దానిలోని లోపాలు మాయం కావు. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి. ఆ దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ విడుదల చేసింది. సవరణ వేసుకోని యంత్రాలు, దానికి నోచుకోని పాత వ్యవస్థలే మూల్యం చెల్లించాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగిన దాడితో అక్కడి సిబ్బంది రోజుల తరబడి కాగితాల మీదే పని నడపవలసి వచ్చింది. ఆసుపత్రిని కూడా నడిపే సంస్థ ఈ అనుభవాన్ని విస్మరించరాదు. వర్చువలైజేషన్ పాత ప్రోగ్రాముకు గడువు ఇస్తుందే తప్ప ఆయుష్షు పోయదు.

ప్రణాళికకు నాలుగు బుట్టలు

అందుచేత మొదటి పని లైసెన్సుల కొనుగోలు కాదు, లెక్క. ఏ విభాగంలో ఏ ప్రోగ్రాములు ఉన్నాయి, ఎవరు వాడుతున్నారు, ఏడాదిలో ఎన్నిసార్లు వాడుతున్నారు, దానిని రాసినవారెవరు అన్నది తేలాలి. ప్రభుత్వ రంగంలో అనేక పాత ప్రోగ్రాములను సంస్థ ఉద్యోగులే రాశారు. వారు పదవీ విరమణ చేసిన తరువాత మర్మం తెలిసినవారు ఉండరు. ఆ జ్ఞానం ఇంకా అందుబాటులో ఉండగానే దానిని నమోదు చేయడం ప్రణాళికలో భాగం కావాలి.

లెక్క తేలిన పిదప ప్రోగ్రాములను నాలుగు బుట్టల్లో వేయాలి: ఎవరూ వాడనివి, కాబట్టి తీసివేయవలసినవి, కొత్త వ్యవస్థపై మామూలుగానే నడిచేవి, ఇతర ప్రోగ్రాములతో పొసగక ప్యాకేజీ అవసరమైనవి, అసలు ముట్టుకోరానివి. ఉదాహరణకు కార్యాలయాల్లో హిందీకి కృతిదేవ్, తెలుగుకు అను వంటి యూనికోడేతర ఫాంట్లతో పేరుకున్న పత్రాలున్నాయి. వాటిని తెరిచే పాత ప్రోగ్రామును ప్యాకేజీలో దాచి ఉంచడం సులభమే. పత్రాలను యూనికోడ్‌లోకి మార్చడమే శాశ్వత పరిష్కారం. మూడవ బుట్ట ఎంత చిన్నదైతే ప్రణాళిక అంత మంచిదని చెప్పాలి.

ఆ తరువాత ఒక చిన్న విభాగంలో ప్రయోగాత్మకంగా అమలు జరపాలి. రుఆబాంధా వంటి ఒక సెక్టార్ సేవల కార్యాలయం ఇందుకు తగినది. ప్రయోగం వారం రోజుల ముచ్చట కారాదు. బిల్లుల గడువు, జీతాల రోజు, ఆర్థిక సంవత్సరాంతం దాటి నిలిచినప్పుడే దానిని విజయంగా పరిగణించాలి. కొత్త ప్యాకేజీ విఫలమైతే ఆ పూటే పాతదానికి మళ్లే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు వినే మనిషి ఉండాలి. ఆ మనిషి ఉద్యోగి భాషలో సమాధానం చెప్పగలగాలి.

ఒప్పందంలో ఉండవలసినవి

లైసెన్సు నిబంధనలు ప్యాకేజీతో మారిపోవు. యంత్రానికి ఒకటి చొప్పున కొన్న ప్రోగ్రామును సర్వర్‌పై పెట్టి వందమందికి చూపితే అది ఉల్లంఘనే కావచ్చు. సాధనం అమ్మే సంస్థల పరిస్థితీ నిలకడగా లేదు. సాఫ్ట్‌రిసిటీ సంస్థను 2006లో కొని దాని సాధనానికి యాప్-వీ అని పేరు పెట్టిన మైక్రోసాఫ్ట్, దాని సర్వర్‌కు మద్దతు గడువును 2026 ఏప్రిల్‌గా నిర్ణయించింది. థిన్‌యాప్‌ను విక్రయించిన వీఎంవేర్ 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వశమైంది. ఆ మరుసటి నెలలోనే వీఎంవేర్ ఉత్పత్తుల శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి, చందా పద్ధతి వచ్చింది. కనుక ప్యాకేజీలపై హక్కు సంస్థదే కావాలి. వాటిని తయారుచేసిన విధానం రాతపూర్వకంగా సంస్థ చేతిలో ఉండాలి. ప్రతి ప్యాకేజీకి ముగింపు తేదీని ముందే నిర్ణయించాలి.

లెక్కలకే ఏడాది గడిచిపోతుందని, ఈలోగా భద్రత మాటేమిటని కొందరు అధికారులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమే. అయితే మద్దతు ముగిసిన యంత్రాలను ఇంటర్నెట్ నుంచి వేరుచేయడానికి, అత్యవసరమైన వాటికి పొడిగింపు కొనడానికి లెక్క పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. పైగా విభాగాల వారీగా లెక్క తేలుతున్న కొద్దీ పని ముందుకు సాగించవచ్చు. తక్కువ ధర చూసి టెండరు ఖరారు చేయడం మనకు బాగా అలవాటైన విద్య. ఏది అక్కరలేదో తేల్చడం అలవాటు లేనిది. ప్రజాధనంతో నడిచే సంస్థలు ఈ రెండవ విద్యను ముందుగా అభ్యసించాలి. రోగి నివేదిక, కార్మికుని జీతం, క్వార్టరు బిల్లు సకాలంలో అందడమే ఈ పథకానికి గీటురాయి తప్ప, కొన్న లైసెన్సుల సంఖ్య కాదు.