పసిబిడ్డలతో పట్టణయాత్ర



మా శ్రీరాంపూరు కాలనీనుండియే ఒక సోదరి యీ మాసమున నాకు జాబు వ్రాసినది. ఆమెకు నాలుగేండ్ల కూతురును, పదునాలుగు నెలల కొడుకును గలరు. పెండ్లియై ఆరేండ్లు గడచినను హైదరాబాదు నగరమును చూడలేదట. “మూడు దినములు పోయి వచ్చుటకు ఎంత ధనము కావలయును? ఇంత పసివాండ్రతో పోవచ్చునా, లేక వారు పెరుగువఱకు ఓపిక పట్టవలయునా?” అని యడిగినది. ఇట్టి ప్రశ్న మన కాలనీలలో అనేక గృహములందు వినబడునదే గనుక, ఈ మాసపు ప్రసంగమును దానికే కేటాయించితిని.

ముందు రెండవ ప్రశ్నకు జవాబు చెప్పెదను. పోవచ్చును. పిల్లలు పెద్దవారైన పిదప పోవుద మనుకొన్నచో, అప్పుడు బడి, పరీక్షలు, ఫీజులు అడ్డువచ్చును. పసితనమున ప్రయాణపు ఖర్చు తక్కువ. అయితే పెద్దలు చూచు పద్ధతిని పిల్లలతో నగరమును చూడబోయినచో ధనమును, ఆరోగ్యమును రెండును నష్టమగును. ఈ మాట నేను చదివి చెప్పుట లేదు, పడి చెప్పుచున్నాను.

మా పెద్దవానికి రెండేండ్లు నిండిన యేడు మేము నగరమునకు పోయితిమి. మఱల ఎప్పుడు వత్తుమో యను ఆత్రముచే, ఒక్క దినముననే చార్మినారు, సాలార్‌జంగు ప్రదర్శనశాల, గోలకొండ కోట, హుస్సేన్‌సాగరు చూడవలెనని కాగితముమీద వ్రాసికొంటిమి. వేసవి పూర్తిగా పోలేదు. మధ్యాహ్నము రెండు గంటలకు గోలకొండ మెట్లెక్కుచుంటిమి. కోటపై నుండి నేను నగరమును చూడనేలేదు. బిడ్డ మొగము ఎఱ్ఱబారుట మాత్రమే చూచితిని. ఆ రాత్రి వానికి జ్వరము, వాంతులు పట్టుకొన్నవి. మేము దిగిన యింటి పెద్దమ్మ తడిగుడ్డ వేయుచు, “బిడ్డా, గోలకొండ నాలుగువందల యేండ్లకు పైగా అక్కడనే యున్నది. రేపు చూచిన పారిపోవునా?” అన్నది. వైద్యునికిని, ఆటోలకును నాడు పెట్టిన సొమ్ము మా రాకపోకల టికెట్ల సొమ్మును మించినది. తక్కిన రెండు దినములు గదిలోనే గడచినవి. ఆ తరువాత అయిదేండ్లవఱకు “పట్నము” అను మాటను నేనే ఎత్తలేదు.

ఆ అనుభవమునుండి నేను నేర్చిన సూత్ర మొక్కటే. చూచు వస్తువుల సంఖ్యలో పొదుపు చేయుడు. బిడ్డ నిద్రయందును, నీటియందును, నీడయందును పొదుపు చేయకుడు. దినమున కొక్క చోటు చాలును. అదియు ఉదయముననే చూడవలయును. మధ్యాహ్నము భోజనమును నిద్రయును. సాయంకాలము పిల్లలు పరుగెత్తుటకు వీలైన ఖాళీ ప్రదేశము. ఈ క్రమమును విడువనివారికి ఖర్చు తనంత తానే తగ్గును.

ధనమును పాళ్లు చేయుట

ఎంత కావలె నని యడుగుటకంటె, ఉన్నదానిని ఎట్లు పంచవలె నని యడుగుట మేలు. చేతనున్న మొత్తమును పది పాళ్లు చేయుడు. నాలుగు పాళ్లు బసకు, రెండు ప్రయాణములకు, రెండు భోజనమునకు, ఒకటి ప్రవేశ రుసుములకును బొమ్మలకును ఉంచుడు. మిగిలిన పాలును వేఱొక చిన్న సంచిలో ముడివేసి, రోగము వచ్చిననే తప్ప ముట్టకుడు. చుట్టముల యింట దిగినచో బస పాలులో సగము మిగులును. అప్పుడు వారికి బియ్యము, పప్పు, కూరగాయలు తీసికొనిపోవుట మఱువరాదు. రెండు రాత్రులకు మించి నిలువకుండుటయు మర్యాద.

మన గనుల ప్రాంతపు గృహిణులు లెక్కలో వేయ మఱచున దొకటి కలదు. ఆదివారము, అనగా ప్లేడే నాడు, పని దొరకినచో ఇంటివారికి రెట్టింపు వేతనము వచ్చును. ఆ దినమును యాత్రలో గడపినచో ఆ మస్టరు పోవును. ఇదియు ఖర్చే. ముందుగా వ్రాసికొన్నచో నగరమున నడివీథిలో “ఈ దినము పనికి పోయియుండిన...” అను మాట రాదు. రాత్రి షిఫ్టు దిగి నిద్రలేని కన్నులతో ఆయనను రైలెక్కించుటయు తగదు. మొదటి షిఫ్టు వారమును చూచుకొని బయలుదేరుడు.

రైలా, బస్సా?

2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున ఆడువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు సొమ్ము లేదు. నగరమున ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకును ఇదియే వర్తించును. గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్టు తీసికొనవలయును. కావున రాజీవ్ రహదారిమీదుగా బస్సులో పోయినచో తల్లికి ఖర్చే లేదు. అయినను ఇద్దఱు పసివాండ్రు గలవారికి నేను రైలునే చెప్పెదను. మంచిర్యాలనుండి సికింద్రాబాదునకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దారి. అంతసేపు బిడ్డను ఒడిలోనే అదిమిపట్టుట కష్టము. రైలులో మరుగుదొడ్డి కలదు, నాలుగడుగులు నడిపింప వీలు కలదు. అయిదేండ్లు నిండని బిడ్డకు వేఱుగా సీటు కోరనిచో రైలులో టికెట్టు అక్కఱలేదు. ఇద్దఱు బిడ్డలున్నవారు ఒక్క సీటు అదనముగా కొన్నచో పూర్తి చార్జీయే యగును గాని, ఆ సొమ్ము వృథా కాదు.

వేగముగా పోవు బండికంటె బిడ్డ నిద్రవేళకు కలిసివచ్చు బండి మేలు. బండి ఏ స్టేషనున నిలుచునో టికెట్టుమీద చదువుకొనుడు. 2025 జనవరిలో చర్లపల్లి నూతన స్టేషను తెఱచిన పిదప కొన్ని బండ్లు అచ్చటికి మార్చబడినవి. సికింద్రాబాదనుకొని చర్లపల్లిలో దిగినచో ఆటో ఖర్చు పాలు తప్పును.

నగరములోని సున్నా టికెట్టును ఉదయము పదింటికి తరువాతను, సాయంకాలము నాలుగింటికి ముందును వాడుకొనుడు. కచేరీలకు పోవు వేళలలో బస్సులు క్రిక్కిఱిసియుండును. అప్పుడు చంకబిడ్డతో ఎక్కుటకంటె ఆటోకు సొమ్మిచ్చుటయే పొదుపు. బస్సులో మిగిలిన సొమ్మును ఈ ఆటోలకే యుంచుడు.

మూడు దినముల క్రమము

సాలార్‌జంగు ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవు. జంతుప్రదర్శనశాలకు సోమవారము సెలవు. కావున శనివారము బయలుదేరి సోమవారము మరలుట అనుకూలము.

శనివారము ప్రయాణము, విశ్రాంతి. సాయంకాలము ట్యాంకుబండుమీద నడచుడు. హుస్సేన్‌సాగరు నడుమ 1992లో నిలిపిన ఏకశిలా బుద్ధవిగ్రహము అచ్చటినుండి చక్కగా కనబడును. పడవ టికెట్టు కొనకపోయినను చూచునది ఆ బుద్ధునే. చంకబిడ్డను పడవ యెక్కింపక పోవుటయే మంచిది.

ఆదివారము నెహ్రూ జంతుప్రదర్శనశాల. 1963లో తెఱచిన యీ వనము మీరాలం చెఱువు చెంత 380 ఎకరములలో నున్నది. అంతయు చూడబోకుడు. తలుపు తెఱచు వేళకే పోయి, ఏనుగు, సింహము, పక్షులు చూచి, పిల్లల రైలుబండి యెక్కించి, ఎండ ముదురకమునుపే వెలుపలికి రండు. ఆదివారము జనసమ్మర్దము హెచ్చు. బిడ్డ చొక్కాజేబులో తండ్రి ఫోను నంబరు వ్రాసిన చీటి పెట్టుడు. బిడ్డ తప్పిపోయినచో కావలివారికి వెంటనే చెప్పి, 1098 నంబరునకును తెలుపుడు.

సోమవారము సాలార్‌జంగు ప్రదర్శనశాల. 1951లో తెఱువబడిన యీ శాలలో గదులు అనేకములు. మనకు కావలసినవి రెండు. ఒకటి గడియారము. గంటగంటకును చిన్న బొమ్మమనుష్యుడు తలుపు తీసికొని వచ్చి గంట కొట్టును. పండ్రెండు గంటలకు పండ్రెండు దెబ్బలు వినుటకు జనము మూగుదురు గనుక, పిల్లలు గలవారు పదునొకండు గంటలకే పోయి కాలుగంట ముందుగా ముందు వరుసను కూర్చుండవలయును. రెండవది బాలల విభాగము. అచ్చట బొమ్మలును, ఆటసైన్యములును గలవు. పిదప భోజనము చేసి, మధ్యాహ్నమో సాయంకాలమో బండి యెక్కవచ్చును.

మూట, నీరు, భోజనము

మొదటి దినమునకు పులిహోర, పెరుగన్నము చాలును. తక్కిన దినములకు సకినాలు, సర్వపిండి, అటుకులు, అరటిపండ్లు. హోటలులో పిల్లలకు ఇడ్లీ, వేడి యన్నము, పప్పు తప్ప మఱేమియు పెట్టవలదు. కోసి యుంచిన పండ్లు, మంచుగడ్డ వేసిన రసములు వద్దు. కాచి చల్లార్చిన నీటిని వెంట తీసికొనిపొండు. ఆఱు నెలలు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప నీరుకూడ అక్కఱలేదు. ఒక పలుచని దుప్పటి యున్నచో రైలులో పాలిచ్చుటకు మఱుగు, నేలపై పఱచుటకు పక్క, ఎండకు గొడుగు, మూడును అదియే.

విరేచనములు పట్టినచో పనికివచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు తప్పక యుంచుడు. పొట్లముపై ఎంత నీరు వ్రాసియున్నదో అంత నీటనే కలుపవలయును. పొట్లము లేనిచో ఒక లీటరు కాచిన నీటిలో ఆఱు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపుడు. చెంచాలు తలగొట్టి కొలువవలయును. ఒక దినము దాటిన నీరు పాఱబోయుడు. బిడ్డ మగతగా నున్నను, మూత్రము తగ్గినను, త్రాగినదెల్ల కక్కుచున్నను వైద్యునికి చూపుటలో ఆలస్యము చేయరాదు.

బస విషయమున, ఊరిచివఱ చౌకగదికంటె స్టేషనుకో, చూడబోవు చోటికో దగ్గఱనున్న గదియే చివఱకు చౌక. నేల అంతస్తు అడుగుడు. మంచము గోడకు చేర్చి, బిడ్డను గోడవైపున పరుండబెట్టుడు.

తల్లి భాగము

చివఱ మాట. యాత్ర యన్నంతనే ఇంటిలో చేయు పనియంతయు వేఱొక యూరిలో, కుళాయి లేక, పొయ్యి లేక చేయుట యని తల్లులకు తోచును. అట్లయినచో అది విహారము గాదు. ఇంటివారితో ముందే మాటాడుకొనుడు. ఉదయము పిల్లల స్నానము ఒకరు, మూట సర్దుట మఱొకరు. మధ్యాహ్నము పిల్లలు నిద్రించునప్పుడు ఆయన కాపలా యుండగా మీరు ఒక్క గంట బజారు చూచి రండు. ఆ గంటకు ఖర్చేమియు లేదు. అయినను మఱల యాత్రకు పోవలెనన్న మనసు మీకు కలుగుట దానిపైననే ఆధారపడియున్నది.

ఇంకను సందేహ మున్నచో, ముందుగా ఒక పూట గూడెము గుట్టపై సత్యనారాయణస్వామి దర్శనమునకు బిడ్డలతో పోయి రండు. ఏది మఱచితిరో, బిడ్డ ఎంతసేపు ఓర్చునో ఆ పూటనే తెలియును.

మేము రెండవమాఱు పోయినప్పుడు చిన్నదానికి మూడేండ్లు. ఆ మూడు దినములలో చూచినవి మూడే. ఇంటికి వచ్చి అది ప్రక్కింటివారికి చెప్పినది ఏనుగును గూర్చి గాదు, బుద్ధుని గూర్చియు గాదు. స్టేషనులో మెట్లు తమంత తామే పైకి నడచుచున్నవని చెప్పినది. ఆ మెట్లకు టికెట్టు లేదు! నేనును ఆ మాఱు జ్వరము లేని బిడ్డతో, నిద్రపోయిన కన్నులతో తిరిగి వచ్చి, మఱునాటి ఉదయమే మఱియొక యాత్రకు డబ్బా పెట్టితిని.

జాబు వ్రాసిన సోదరి పోయి వచ్చి తన ఖర్చు పట్టికను పంపునని నమ్ముచున్నాను. తక్కిన సోదరీమణులును తమ యనుభవములను వ్రాసినచో, రాబోవు మాసమున ఆ పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూతము.