అరిగేది కంటికి కనబడదు

నిర్మల్ సమీపాన మహబూబ్ ఘాట్ ఎక్కుతుండగా ముందున్న లారీ ఆగితే, కారు వెనక్కి జారకుండా పలువురు సగం క్లచ్‌పైనే నిలుపుతారు. అప్పుడు ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ నడుమనున్న క్లచ్ ప్లేటు పూర్తిగా అతుక్కోక, రాసుకుంటూ వేడెక్కి అరుగుతుంది. చదును బాటలో పెడల్‌పై కాలు ఆనించి ఉంచినా ఇదే నష్టం. నింద మాత్రం ఘాట్‌పైనో మెకానిక్‌పైనో పడుతుంది.

మేము మనవి చేసేదొకటే: ఎత్తుపై ఆగితే హ్యాండ్‌బ్రేక్ వేయండి, క్లచ్ మెల్లగా వదులుతూ, బండి ముందుకు లాగుతున్నట్లు తెలిశాకే దాన్ని దించండి. ఇంజన్ హోరు పెరిగినా వేగం పెరగకుంటే, మాడు వాసన వస్తే, ఇంటిల్లిపాదితో ఘాట్‌కు బయలుదేరకండి. అడిగి తెచ్చుకున్న కారు అమానతు. అందులో మన కాలు చేసిన అరుగుదలకు బాధ్యత మనదే.